'అబ్బో' చరిత్రతో నా పేచీ

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ మధ్య ఒక పోస్టు తిరిగింది. "శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గురించి మీకు తెలియని పది నిజాలు, పదోది చూస్తే షాక్ అవుతారు" అని. పదోదాకా చదివాను. షాక్ ఏమీ తగల్లేదు గానీ చిరాకు మాత్రం వచ్చింది. అందులో అబద్ధాలేమీ పెద్దగా లేవు. కోడి రామ్మూర్తి నాయుడిది మన వీరఘట్టమే, పొందూరు ఖద్దరు గాంధీగారికి నచ్చిన మాటా నిజమే, పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టిన రాజు చోడగంగ ఇక్కడి ముఖలింగం రాజధానిగా ఉన్న వంశంవాడేనన్నదీ చరిత్రకారులు ఒప్పుకునేదే. నా బాధ వేరు. ప్రతి ముక్కా "మొదటిది, పెద్దది, పాతది, మనవాడే" దగ్గర మొదలై అక్కడే చతికిలబడుతుంది. చదివినవాడు అబ్బో అంటాడు, ఒక దండం బొమ్మ పెడతాడు, తరవాతి మెసేజీకి పోతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తరవాత తీరిగ్గా దెబ్బలాడుకోవచ్చు. మన రెండు జిల్లాల చరిత్రలో నోరు తెరుచుకుని చూడాల్సిన సంగతులు వీరగాథల్లో కన్నా చిట్టా పద్దుల్లో ఎక్కువున్నాయి. ఎవరు ఎవరికి బాకీ, ఎవరి డబ్బు ఏ ఊళ్ళో ఖర్చయింది, ఎవరి కష్టం ఎవరి పేరున జమపడింది అన్న చోట. నా ఉద్యోగం అకౌంట్సులో కాబట్టి నాకు లోకమంతా పద్దులాగే కనిపిస్తుందేమోనన్న అనుమానం మా ఇంట్లోవాళ్ళకి ఉంది. ఉండనీయండి.

బొబ్బిలి యుద్ధం బాకీల కథ కూడా

బొబ్బిలి కథ మనకి కొత్తగా చెప్పేదేముంది. 1757 జనవరి 24, బొబ్బిలి రాజు రంగారావు, తాండ్ర పాపారాయుడు, కోటలో ఆడవాళ్ళ చావులు, మూడో రోజు రాత్రి గుడారంలో విజయనగరం రాజు విజయరామరాజు హత్య, ఇవన్నీ బుర్రకథల్లో విన్నాం, తెర మీదా చూశాం. పైడితల్లి అమ్మవారి కథ కూడా అక్కడికే వెళ్ళి ముడిపడుతుంది కాబట్టి సిరిమాను నాడు ఆ కథ ఎవరో ఒకరి నోట మళ్ళీ వినబడుతూనే ఉంటుంది. వింటున్నంతసేపూ అది రెండు ఇళ్ళ పగలాగే ఉంటుంది.

మరి ఫ్రెంచివాళ్ళు ఆ కోట ముందు ఏం చేస్తున్నారు? ఈ ప్రశ్న నేను చిన్నప్పుడు అడిగితే "సాయానికొచ్చారు" అన్నారు. ఎవరి సాయానికి, ఎందుకు? 1753లో హైదరాబాదు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా జిల్లాలను, ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. తన దగ్గరున్న ఫ్రెంచి పటాలానికి జీతాలివ్వాలి, ఖజానాలో డబ్బు లేదు, ఆ జీతాల కింద మన నేల శిస్తు. 1756 ఆఖర్లో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో ఇటు దిగింది ఆ శిస్తు సరిగ్గా రాబట్టుకోడానికి. శ్రీకాకుళం సర్కారు శిస్తు వసూలు ఇజారాకి, అంటే గుత్తకి, తీసుకుని ఫ్రెంచివాళ్ళ పక్కన నిలబడినవాడు విజయనగరం రాజు. ఆ తరంలోనే కంపెనీ వాళ్ళ చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్, ఈ రెండు సంస్థానాల మధ్య కక్షకి చెప్పిన కారణాల్లో ఒకటి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. బొబ్బిలి వాళ్ళు గెడ్డల నీళ్ళు తమ పొలాలకి మళ్ళించేసుకునేవాళ్ళట. మన పక్క పల్లెల్లో ఖరీఫ్ నాట్ల వేళ ఇప్పటికీ చేతికర్రలు లేచేది దేని మీద అంటే దీని మీదే.

ఇక అదే ఏడాది మిగతా దేశంలో ఏం జరుగుతోందో పక్కన పెట్టి చూడండి. బెంగాల్లో నవాబు సిరాజుద్దౌలా ఇంగ్లీషువాళ్ళతో తగువులో ఉండి, సాయానికి రమ్మని బుస్సీకే ఉత్తరాలు రాశాడు. బొబ్బిలి అయ్యాక బుస్సీ ఉత్తరానికి కదిలాడు కూడా. మార్చిలో బెంగాల్లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్ ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, ఇంక వెళ్ళి లాభం లేదని వెనక్కి తిరిగాడు, జూన్‌లో విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ళ వర్తకస్థావరాన్ని పట్టుకున్నాడు. ప్లాసీ యుద్ధం జరిగింది అదే నెల 23న. అంటే పాఠ్యపుస్తకంలో వేరే వేరే పాఠాల్లో ఉండే రెండు యుద్ధాలకీ ఒకే మనిషి ఉత్తరాలు అందుకుంటున్నాడు. నాకు పాపారాయుడి కత్తి కన్నా ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

అసలు మలుపు ఆ తరవాత ఉంది. చనిపోయిన విజయరామరాజు తరవాత గద్దెకెక్కిన ఆనంద గజపతిరాజుకి ఫ్రెంచివాళ్ళ మీద మనసు విరిగింది. 1758లో విశాఖపట్నం వాళ్ళ దగ్గర్నించి లాక్కుని, వచ్చి సర్కారులు మీరే పట్టుకోండని కలకత్తాలో క్లైవుకి కబురు పెట్టాడు. క్లైవు కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. సైన్యం ఖర్చు నేను భరిస్తానన్న రాజుగారు గెలిచాక డబ్బు తియ్యడానికి నీళ్ళు నమిలితే, ఫోర్డ్ మచిలీపట్నం మీదికి కదలడం వారాల తరబడి ఆలస్యమైంది. ఏప్రిల్‌లో ఆ కోటా పడింది, ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ కథ అయిపోయింది.

పిలిచినవాడి ఇంటికే ఆ సైన్యం మళ్ళీ వచ్చింది. పేష్కష్, అంటే ఏటా కట్టాల్సిన కప్పం, బకాయి పడ్డాడని కంపెనీ చిన విజయరామరాజుని గద్దె దింపి మచిలీపట్నం వెళ్ళి ఉండమంది, ఆయన వెళ్ళకుండా పద్మనాభంలో నిలబడ్డాడు, 1794 జూలై 10న అక్కడే చనిపోయాడు. బొబ్బిలికీ పద్మనాభానికీ మధ్య ముప్పై ఏడేళ్ళు. ఒకదాంట్లో విజయనగరం శిస్తు వసూలు చేసేవాళ్ళ పక్కనుంది, రెండోదాంట్లో బాకీదారుగా ఉంది.

ఇదంతా చెప్తే మా పెద్దనాన్న కొడుకు ఒకడు, బొబ్బిలిలోనే ఉంటాడు, ఒకసారి నామీద గయ్యిమన్నాడు. "అయితే ఏటన్నయ్యా, మావోళ్ళు కాలవ నీళ్ళ కోసం చచ్చిపోయారంటావేటి?" అని. నేననేది అది కాదు. కోట లోపలున్న మనుషులకి ఆ ఉదయం కనబడింది శిస్తు లెక్క కాదు, గోడ అవతలున్న ఫిరంగులు. వాళ్ళ తెగువ నిజం. కానీ ఆ తెగువ మాత్రమే చెప్పుకుని ఆగిపోతే, వాళ్ళని అక్కడిదాకా తెచ్చిన లెక్కలు రాసినవాళ్ళు హాయిగా తప్పించుకుంటారు. మా తమ్ముడు ఒప్పుకోలేదు. బొబ్బిలి రాజా 1932లో మద్రాసు ప్రధాని, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటివాడు, అయిన సంగతి చెప్పి గర్వపడ్డాడు. 1937లో అదే బొబ్బిలిలో ఆయన వి.వి.గిరి చేతిలో ఓడిపోయిన సంగతి నేను చెప్పాను. కాఫీలు తాగి లేచాం.

ఒక ఖజానా, మూడు ఖర్చులు

ఇక ఫార్వర్డుల్లో ఎప్పుడూ రాని, వచ్చినా సగమే వచ్చే ఒక సంగతి. లండన్ హైడ్ పార్కులో 1867లో జనం తాగడానికి మంచినీళ్ళ ఫౌంటెన్ ఒకటి కట్టారు. డబ్బిచ్చినది విజయనగరం మహారాజా మూడో విజయరామ గజపతి. 1964లో దాన్ని తీసేశారు. ఇది విన్న ప్రతివాడూ మొదట అబ్బో అంటాడు. మా ఆఫీసులో ఒక కుర్రాడు మాత్రం ఇంకోలా అందుకున్నాడు. 1866లో ఒరిస్సానీ గంజాం జిల్లానీ ఊడ్చేసిన కరువు ఉంది కదా, అప్పుడు శ్రీకాకుళం గంజాం జిల్లాలోదే కదా, ఇక్కడ జనం ఆకలికి పోతుంటే మరుసటేడు రాజుగారు లండన్లో నీళ్ళు పోయించాడా అని రెండూ పక్కపక్కన పెట్టి ఒక పోస్టు తయారు చేశాడు. బోలెడు కోపం బొమ్మలు వచ్చాయి.

నాకు ఇక్కడ కాస్త ఇబ్బందిగా ఉంది. రెండు తేదీలూ సరైనవే. కానీ రాజుగారి జమీందారీ ఎక్కువ భాగం విశాఖపట్నం జిల్లాలోది. కరువేళ ఆయన ఎవరికేం పెట్టాడో, ఫౌంటెన్‌కి మాట ఎప్పుడిచ్చాడో చూడకుండా రెండు గీతలు పక్కన గీసి మధ్యలో బాణం వేస్తే అది చరిత్ర అయిపోదు. అది 'అబ్బో' చరిత్రకి కవలపిల్ల, 'ఛీ' చరిత్ర. మొదటిది దండం పెట్టించి వదిలేస్తుంది, రెండోది తిట్టించి వదిలేస్తుంది, రెండు చోట్లా చదివినవాడి పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఆ కుర్రాడితో ఈ మాట అంటే "మీరు రాజుల పక్షం సార్" అన్నాడు. కాదు బాబూ, పద్దు రాసేటప్పుడు రెండు వైపులూ రాయాలి అంటున్నాను.

రెండు వైపులూ రాస్తే ఎలా ఉంటుందో ఆయన కొడుకు ఆనంద గజపతి కాలంలో చూడొచ్చు. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో అచ్చువేసిన ఋగ్వేదం తెలుసు కదా. మొదటి అచ్చుకి ఖర్చు పెట్టుకున్నది ఈస్టిండియా కంపెనీ. 1890-92లో వచ్చిన రెండో అచ్చుకి డబ్బు విజయనగరం నుంచి వెళ్ళింది. హంపీ విజయనగరంలో రాసిన భాష్యం అయిదొందల ఏళ్ళ తరవాత మన విజయనగరం సొమ్ముతో ఇంగ్లండులో అచ్చయింది. ఇది మంచి ఫార్వర్డు అవుతుంది, కాదనను.

కానీ అదే మహారాజా ఇంకో కాగితం కూడా తయారు చేయించాడు. ఆడపిల్లలకి వెల కట్టి చేసే పెళ్ళిళ్ళు ఆపాలని మద్రాసు ప్రభుత్వానికి చూపించడానికి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా రాయించాడు. గురజాడ తన 'కన్యాశుల్కం' నాటకానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఆ లెక్క ఇచ్చారు. మొత్తం పెళ్ళిళ్ళు 1,034. పెళ్ళికూతురికి అయిదేళ్ళు ఉన్నవి 99, నాలుగేళ్ళు ఉన్నవి 44, మూడేళ్ళవి 36, రెండేళ్ళవి 6, ఏడాది పిల్లలవి 3. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి బేరం కుదుర్చుకున్న సందర్భాలూ ఉన్నాయని కూడా రాశారు. నేను కూడి చూసుకున్నాను, అయిదేళ్ళు, ఆ లోపు పిల్లలు 188 మంది, అంటే నూటికి పద్దెనిమిది. పైన లెక్క అంతా ఇళ్ళు తిరిగి ఎవరో రాసిందే కదా. ఎంత సంకోచంతో అడిగి ఉంటారు, ఎంతమంది నిజం చెప్పి ఉంటారు? అసలు సంఖ్య ఇంతకన్నా తక్కువ ఉండదనే నాకనిపిస్తుంది.

నాటకం మనందరికీ నోటికొచ్చు. గిరీశం డైలాగులు పెళ్ళి భోజనాల దగ్గర కూడా పేలుతుంటాయి. వెనకున్న ఈ జాబితా మాత్రం ఎవరూ ఎత్తరు. వేదం అచ్చుకి డబ్బిచ్చిన చేత్తోనే ఆ వేదం చదివే ఇళ్ళలో పసిపిల్లల ధరల పట్టిక రాయించిన మనిషిని దండం బొమ్మలోనూ ఇరికించలేం, కోపం బొమ్మలోనూ ఇరికించలేం. అందుకే ఫార్వర్డు కాడేమో.

మేనల్లుడి వాదన

మా మేనల్లుడు శ్రీకాకుళంలో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. ఇదంతా వాడితో అంటే ఒప్పుకోలేదు. "మావయ్యా, మీ చిట్టాలు చదవడానికి నాకు టైమేదీ? పరీక్షలో వచ్చేది ఒక్క లైనే. చోడగంగ పట్టాభిషేకం 1078. అయిపోయింది. ఇలాంటి పోస్టులు లేకపోతే మా ఫ్రెండ్స్‌లో సగం మందికి ముఖలింగం పేరు కూడా తెలీదు."

దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఎందుకంటే వాడు ముఖలింగం వెళ్ళింది ఒక ఫార్వర్డు చూసే, నేను చెప్తే కాదు. నేను ఏళ్ళ తరబడి చెప్పాను, వాడు ఏళ్ళ తరబడి ఊఁ కొట్టాడు. ఫోన్లో ఒక అతిశయోక్తి ఫోటో చూసి స్నేహితులతో బళ్ళు వేసుకుని వంశధార ఒడ్డుకి పోయాడు. కాబట్టి ఈ 'అబ్బో' గుమ్మందాకా తీసుకెళ్తుందని ఒప్పుకోక తప్పదు. గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్తుందా అన్నదే నా పేచీ.

వాడి విషయంలో కొంచెం వెళ్ళింది. ఆ గుడి శాసనాల్లో ఎక్కువగా ఏముంటాయి మావయ్యా అని ఫోన్ చేశాడు. యుద్ధాలు ఉంటాయనుకున్నాడు. అక్కడ ఎక్కువగా ఉన్నవి అఖండ దీపాల దానాలు. ఫలానావారు దేవుడికి దీపం పెట్టడానికి ఇంత ఇచ్చారు, అది సూర్యచంద్రులు ఉన్నంతకాలం వెలగాలి అని. రాజులవే కాదు, ఉద్యోగులవి ఉన్నాయి, ఆడవాళ్ళవి ఉన్నాయి. శ్రీకూర్మంలో కూడా స్తంభాల నిండా ఇలాంటి పద్దులే. అక్కడ 1281 నాటి శాసనం ఒకటి నరహరి తీర్థులది. మధ్వాచార్యుల శిష్యుడైన సన్యాసి, కళింగ రాజ్యం వ్యవహారాలు చక్కబెట్టాడని చెప్తారు. గుడికి వెళ్ళినవాళ్ళు నక్షత్ర తాబేళ్ళకి ఆకులు పెట్టి ఫోటో దిగి వచ్చేస్తారు. తాబేళ్ళ మీద నాకు కోపం లేదు, బాగుంటాయి.

"దీపానికి నూనె ఎవరు తెచ్చేవారు మరి?" అన్నాడు వాడు. పరీక్షలో రాని ప్రశ్న. నాకు సంతోషమేసింది.

మనవాడు అంటే ఎవడు

చోడగంగ మనవాడే అనే మాట దగ్గరికి వద్దాం. తల్లి చోళ రాజకుమార్తె. శాసనాలు సంస్కృతంలోనూ తెలుగులోనూ. రాజధాని తరవాత కటకానికి మారింది. పూరీ గుడి మొదలుపెట్టినందుకు ఒడియావాళ్ళు ఆయన్ని తమవాడంటారు, వాళ్ళ మాటా తప్పు కాదు. మన జిల్లాకి ఇప్పటి సరిహద్దు పడింది 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు. శ్రీకాకుళం జిల్లాగా విడిపోయింది 1950లో. విజయనగరం జిల్లా అయితే 1979 జూన్ 1న పుట్టింది, నాకన్నా పెద్దదేమీ కాదు. తొమ్మిదొందల ఏళ్ళ కిందటి రాజుకి మనం ఇప్పుడు ఆధార్ కార్డు రాయిస్తున్నాం.

ఈ 'మనవాడు' గోలలో నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి. ఏటా ఆగస్టు 29 రాగానే తెలుగు భాషా దినం పోస్టులు వరద కడతాయి. వ్యావహారిక భాష కోసం పోరాడాడు, మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టాడు, అంతే. పర్లాకిమిడి బడిలో చరిత్ర చెప్పే పంతులు ఎవరూ నేర్పకుండా శాసనాల లిపి తనే నేర్చుకుని ముఖలింగం గోడలు చదివి చోడగంగ వంశమైన గంగరాజుల చరిత్ర మీద వ్యాసాలు రాశాడని, 1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాలని గుర్తించి వెలుగులోకి తెచ్చింది ఆయనేనని ఒకటి రెండు చోట్ల కనిపిస్తుంది. కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట అసలు కనబడదు.

ఆయన సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. పాఠ్యపుస్తకాలు రాశాడు, వ్యాకరణం రాశాడు, నిఘంటువు కట్టాడు. సవర పిల్లలకి సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. ఆ పుస్తకాలకి మద్రాసు ప్రభుత్వం బహుమతి డబ్బు ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నాడు. తెలుగు కోసం చేసినదాంట్లో ఆయనకి తోడు చాలామంది ఉన్నారు. ఇందులో ఆయన దాదాపు ఒంటరి. అయినా మన పోస్టుల్లో ఇది రాదు, ఎందుకంటే 'మన తెలుగు గొప్ప' అన్న ఖాతాలో ఇది జమకాదు. ఎవరి భాష, ఎవరి లాభం? సీతంపేట కొండల్లో ఇప్పటికీ ఆ భాష మాట్లాడే పిల్లలున్నారు, వాళ్ళు 2022 దాకా మన జిల్లావాళ్ళే, మన గ్రూపుల్లో మాత్రం లేరు.

పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడంతో 1936లో గిడుగు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అదే 1936లో సరిహద్దుకి అవతల, గుణుపురం వైపు, మంగెయి గొమాంగో అనే సవర మనిషి తన భాషకి తనే ఒక లిపి తయారు చేశాడు. సొరాంగ్ సొంపెంగ్ అంటారు, ఇప్పుడు కంప్యూటర్ అక్షరాల పట్టికలో కూడా దానికి చోటుంది. గుణుపురానికి మన నౌపడా స్టేషన్ నుంచే రైలు పోతుంది. ఒక భాషకి అక్షరాలు పుట్టించిన మనిషి మనకి రైలు దూరంలో ఉంటే, మా గ్రూపులో ఆ పేరు తెలిసినవాళ్ళు ఉన్నారేమోనని అడిగాను. మా మేనల్లుడు మాత్రం జవాబిచ్చాడు, "ఇది సిలబస్‌లో లేదు మావయ్యా, కానీ స్పెల్లింగ్ పంపండి" అని.